ఉబ్బసానికి కొత్త ఇంజెక్షన్: వేయించుకోవాలా, ఆగాలా?

డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 43. మాది గుంటూరు. మా వారికి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. చిన్నప్పుడు నాకు ఆయాసం అంటే ఏమిటో తెలియదు. రెండో బాబు పుట్టాక, 31వ ఏట మొదలైంది. ముక్కులో కండ పెరిగిందని రెండుసార్లు ఆపరేషన్ చేశారు, మళ్లీ పెరిగింది. ఆరేళ్లుగా నాకు వాసన తెలియదు. వేసవిలో ఆవకాయ కలిపి, జాడీ మా అమ్మాయికి ఇచ్చి వాసన ఎలా ఉందో చెప్పమంటాను.

రోజూ రెండు పూటలా పొడిమందు క్యాప్సూల్ పీలుస్తాను. రాత్రి మాంటెలుకాస్ట్ మాత్ర వేసుకుంటాను. అయినా పోయిన ఏడాది ఐదుసార్లు వైసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు వాడాల్సి వచ్చింది, ఒక్కోసారి రోజుకు 40 మిల్లీగ్రాములు, వారం రోజులు. నవంబరు నుంచి మార్చి దాకా నాకు నరకమే. భోగి రోజు తెల్లవారుజామున ఆయాసం బాగా ఎక్కువై మూడు రోజులు ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాను. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే నీలం పంపు నెలకొకటి అయిపోతోంది. పన్నెండు కిలోలు బరువు పెరిగాను. షుగర్ కూడా అంచుల్లో ఉందన్నారు.

ఇప్పుడు మా ఛాతీ డాక్టరు గారు ‘బయాలజిక్’ అనే కొత్త ఇంజెక్షన్ నెలనెలా వేయించుకోమంటున్నారు. ఖరీదు వింటే గుండె గుభేలుమంది. రక్త పరీక్షలో ఐజీఈ 640, ఈసినోఫిల్స్ 180 అని వచ్చాయి. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మానలేవని మా ఆడపడుచు అంటుంది. వచ్చే జూన్‌లో హైదరాబాద్ వెళ్లి చేప మందు వేయిద్దామని మా అత్తగారు. మా వారు ‘నీ ఇష్టం’ అంటారు గానీ ఆయన టెన్షన్ నాకు తెలుస్తూనే ఉంది. నన్నేం చేయమంటారు? మీ ఇంట్లో మనిషికైతే ఏం చెబుతారు?

ఒక పాఠకురాలు, గుంటూరు

అమ్మా,

మీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మా చెల్లెలికి ఇదే పరిస్థితి వస్తే, “వేయించుకో, కానీ రేపే కాదు. దసరా లోపు మూడు పనులు ముగించు. దీపావళికి ముందు మొదలుపెట్టు. నాలుగు నెలలు చూడు. పని చేయకపోతే మానెయ్” అంటాను. ఈ మధ్యలో మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సి వచ్చినా, వద్దు ఇప్పుడే మొదలుపెట్టాలని మీ డాక్టరు గారు గట్టిగా అన్నా నా దసరా లెక్క పక్కన పెట్టేయండి. మిమ్మల్ని ఎదురుగా చూస్తున్నది ఆయన. నేను చూసింది మీ ఉత్తరాన్నే.

ఖరీదు గురించి మీ ఇంట్లో నడుస్తున్న లెక్కలో ఒక పొరపాటుంది. ఒక పక్క ఖరీదైన ఇంజెక్షన్, రెండో పక్క ఖర్చు లేకుండా ఇప్పుడున్నట్టు ఉండటం, ఈ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలన్నట్టు మీరు రాశారు. కానీ ఇప్పుడు నడుస్తున్నదీ ఒక వైద్యమే, దాని పేరు వైసోలోన్. ఐదుసార్లు, ఏడేసి రోజులు, రోజుకు 40 మిల్లీగ్రాములు అంటే ఏడాదికి 1,400 మిల్లీగ్రాములు. స్టెరాయిడ్ మాత్రల కోర్సులు జీవితం మొత్తంలో నాలుగైదు అయినా చాలు, షుగర్, కంటి శుక్లం, ఎముకలు గుల్లబారడం లాంటివి వచ్చే అవకాశం పెరుగుతుందని ఉబ్బసం మీద ప్రపంచమంతా అనుసరించే గినా మార్గదర్శకాలు హెచ్చరిస్తున్నాయి. మీరు ఒక్క ఏడాదిలోనే ఐదు ముగించారు. మందుల షాపులో వైసోలోన్ స్ట్రిప్ చవకే. అసలు బిల్లు పదేళ్ల తర్వాత షుగర్ డాక్టరు దగ్గర, కళ్ల డాక్టరు దగ్గర కట్టాలి. మీకు పన్నెండు కిలోల రూపంలో తొలి వాయిదా ఇప్పటికే వచ్చింది.

ఇది చదివి వైసోలోన్ మీద కోపం తెచ్చుకోకండి. భోగి నాడు మీ ప్రాణం నిలబెట్టిన వాటిలో స్టెరాయిడ్ కూడా ఒకటి. ఆయాసం ముదిరినప్పుడు డాక్టరు వేసుకోమంటే వేసుకోవాల్సిందే. రోజూ వాడుతున్న వాళ్లయితే ఉన్నట్టుండి అసలు మానకూడదు. మన ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికే తగ్గిపోయి ఉంటుంది, మనిషి కుప్పకూలిపోవచ్చు.

వైసోలోన్ కంటే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది మీ నీలం పంపు. ఏడాదికి మూడు పంపులు దాటితేనే ఆయాసం ముదిరే ప్రమాదం పెరుగుతుంది. పన్నెండు దాకా వెళ్తే ప్రాణాపాయమే పెరుగుతుంది. మీరు సరిగ్గా ఆ గీత మీద ఉన్నారు. నీలం పంపు ఊపిరిగొట్టాల చుట్టూ బిగుసుకున్న కండరాన్ని కాసేపు సడలిస్తుంది, అంతే. లోపలి వాపును అది ముట్టుకోదు. ఊపిరి ఆడిందని మనం పనిలో పడిపోతాం, వాపు మాత్రం అలాగే ఉంటుంది. నీలం పంపు వాడినా మూడు గంటలు నిలవకపోతే, ఒక వాక్యం ఒక్క ఊపిరిలో చెప్పలేకపోతే తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు, అప్పటికప్పుడు ఆస్పత్రికి బయల్దేరండి.

ఇక మూడు పనులు.

మొదటిది పీల్చడం. నవ్వకండి. మా ఓపీకి ఒకాయన వచ్చారు. ఇదే ఇంజెక్షన్ రాసిన చీటీ చేతిలో ఉంది, డబ్బు కోసం పొలం తాకట్టు పెట్టే ఆలోచనలో ఉన్నారు. మందు ఎలా పీలుస్తారో ఒకసారి చూపించమన్నాను. పొడిమందు గొట్టం నోట్లో పెట్టుకుని, వేడి టీ ఊదుకుంటూ తాగినట్టు మెల్లగా పీల్చారు. తెరిచి చూస్తే సగం పొడి గొట్టంలోనే ఉంది. ఎనిమిదేళ్లుగా ఆయన వాడుతున్నది సగం మందే. పొలం తాకట్టు పెట్టే అవసరం ఆయనకు రాలేదు. ప్రపంచంలో ఇన్‌హేలర్ వాడేవాళ్లలో చాలామంది సరిగ్గా వాడటం లేదు. నూటికి డెబ్బై, ఎనభై మంది దాకా ఉండొచ్చని గినా లెక్క.

పొడిమందును గట్టిగా, వేగంగా, ఒక్క గుక్కలో లాగాలి. ముందు ఊపిరంతా పక్కకు వదిలేయాలి, గొట్టంలోకి ఊదకూడదు. గ్యాస్ పంపు పద్ధతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది: దాన్ని మెల్లగా, నిదానంగా, వీలైతే స్పేసర్ (పంపుకు తగిలించే డబ్బా లాంటి గొట్టం) పెట్టి పీల్చాలి. రెండూ వాడే వాళ్లు దీనికి దాని పద్ధతి, దానికి దీని పద్ధతి అలవాటు చేసుకుంటారు, నేను రోజూ చూసే తప్పు ఇదే. లోపల పది సెకన్లు ఊపిరి బిగబట్టి, తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. క్యాప్సూళ్లు బాత్రూమ్ అలమరలో పెట్టకండి, తేమకు ముద్దకడతాయి. మీ అమ్మాయితో ఫోన్‌లో వీడియో తీయించి మీ డాక్టరు గారికి చూపించండి. ఒక్క పూట కూడా మానకుండా వాడుతున్నానని మీరు రాయలేదు. మానిన పూటలుంటే నాకు కాదు, ఆయనకు చెప్పండి, తిట్టినా సరే.

పీల్చడం సరిగ్గానే ఉందని తేలితే ఇంజెక్షన్ కంటే ముందు వేయాల్సిన మెట్లు మీకు ఇంకా మిగిలి ఉన్నట్టున్నాయి. మీరు పీల్చే క్యాప్సూల్లో బ్యుడెసొనైడ్, ఫార్మొటెరాల్ కలిపి ఉంటే, అదే జోడీని ఆయాసం వచ్చినప్పుడు కూడా నీలం పంపు బదులు వాడే పద్ధతి ఉంది. ప్రతి అదనపు పీల్పుతోనూ వాపు తగ్గించే మందు కూడా లోపలికి వెళ్తుంది. ఎన్నిసార్లు దాకా వాడొచ్చో డాక్టరు చెబుతారు. టయోట్రోపియం అనే మరో పీల్చే మందు దానికి జత చేయొచ్చు. ముక్కులో రోజూ కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే మీ ఉత్తరంలో ఎక్కడా కనబడలేదు. కండ పెరిగే మనిషికి అది అన్నం తిన్నంత మామూలు విషయం కావాలి. వారానికి మూడుసార్లు అజిత్రోమైసిన్ మాత్ర నెలల తరబడి ఇచ్చే పద్ధతీ ఉంది. కానీ మన దేశంలో దాన్ని మొదలుపెట్టేముందు ఈసీజీ తీసి, కళ్లె పరీక్ష చేసి టీబీ లాంటివి లేవని చూసుకోవాలి. వీటన్నిటి ఖర్చూ కలిపినా ఇంజెక్షన్ ఖరీదులో చిన్న ముక్క కూడా కాదు.

రెండో పని రిపోర్టులది. నా ఉత్తరంలో ముఖ్యమైన ముక్క ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి.

ఈసినోఫిల్స్ అంటే రక్తంలోని ఒక రకం తెల్లకణాలు. మీకు 180 అన్నారు. ఆ రక్తం ఎప్పుడు తీశారు? వైసోలోన్ వాడుతున్నప్పుడో, ఆపిన నాలుగైదు రోజులకో అయితే ఆ అంకెను నమ్మలేం. స్టెరాయిడ్ వేసుకుంటే ఈసినోఫిల్స్ గంటల్లోనే పడిపోతాయి. మన వాళ్లు ‘ఇస్నోఫిలియా’ అని తేలిగ్గా అనేస్తారు గానీ, ఏ ఇంజెక్షన్ మీకు పని చేస్తుందో చెప్పే అంకె ఇదే. ముప్ఫై దాటాక మొదలైన ఆయాసం, ముక్కులో కండ, పోయిన వాసన, ఈ మూడూ ఒక మనిషిలో కలిస్తే ఈసినోఫిల్స్ ఎక్కువగానే ఉంటాయని అనుభవం ఉన్న ఏ ఛాతీ డాక్టరైనా అనుమానిస్తారు. కోర్సు ముగిసిన రెండు వారాల తర్వాత మళ్లీ చేయించండి. ఇంకో సులువైన దారి మీ బీరువాలోనే ఉండొచ్చు, పాత రిపోర్టుల సంచి. ముక్కు ఆపరేషన్లకు ముందు తీసిన రక్త పరీక్ష చూడండి. అందులో ఈసినోఫిల్స్ శాతంలో రాసి ఉంటే, మొత్తం తెల్లకణాల సంఖ్యను ఆ శాతంతో లెక్కకట్టండి. 9,000లో 6 శాతం అంటే 540. అలాంటి అంకె ఒక్కటి దొరికినా మీ డాక్టరు గారికి సగం దారి తేలిపోతుంది.

ఐజీఈ 640 సంగతి వేరు. ఐజీఈ అంటే ఎలర్జీ ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ఒక యాంటీబాడీ. అది ఎలర్జీ వల్ల కావొచ్చు. అయితే మన దేశంలో ఉబ్బసం రోగుల్లో ఏబీపీఏ అనే జబ్బు తక్కువేమీ కాదు. గాల్లో, పాత గోడల తేమలో, నిల్వ ధాన్యంలో ఉండే ఆస్పర్జిల్లస్ అనే బూజు ఊపిరిగొట్టాల్లో చేరి ఒంటిని రెచ్చగొడుతుంది. ఉబ్బసం ఉండి ఐజీఈ 500 దాటితే దీన్ని గుర్తుంచుకోవాలని 2024లో సవరించిన అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆస్పర్జిల్లస్‌కి ప్రత్యేకమైన ఐజీఈ పరీక్ష ఒకటి, అవసరమైతే ఛాతీ సీటీ స్కాన్, వీటితో తేలిపోతుంది. ఒకవేళ అదే అయితే ముందు ఇట్రాకొనజోల్ లాంటి బూజు మందుతోనో, పద్ధతి ప్రకారం ఇచ్చే స్టెరాయిడ్‌తోనో కొన్ని నెలలు వైద్యం చేస్తారు. ఆ పరీక్ష చేయకుండా ఖరీదైన ఇంజెక్షన్ మొదలుపెట్టడం నాకు మాత్రం నచ్చదు. మీ డాక్టరు గారు ఇప్పటికే చేయించి ఉంటే సంతోషం, మీకు చెప్పడం మరిచిపోయి ఉంటారు.

కడుపులో పురుగుల సంగతి కూడా. ఈ ఇంజెక్షన్లు ఆపేది ఒంట్లో పురుగులతో పోరాడే దళాన్నే కాబట్టి, ముందు మల పరీక్ష చేయించి, అవసరమైతే పురుగుల మందు వేసుకుని మొదలుపెట్టడం మంచిది. మరొకటి: ముక్కులో కండ, ఉబ్బసం కలిసి ఉన్నవాళ్లలో కొందరికి ఆస్ప్రిన్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకున్న గంట రెండు గంటల్లో ఆయాసం విపరీతంగా వస్తుంది. మీకెప్పుడైనా అలా అయిందా, గుర్తు చేసుకోండి. అయితే ఆ మాత్రల పేర్లు పర్సులో చీటీ మీద రాసి పెట్టుకోండి.

ఇంటి సంగతి ఒక మాట. మీ వారు యార్డు నుంచి వచ్చిన బట్టలతో నేరుగా లోపలికి రాకూడదు. మిర్చి ఘాటు ఎలర్జీ కానక్కర్లేదు, వాచి ఉన్న గొట్టాలను రేపడానికి ఆ ఘాటు ఒక్కటే చాలు. కొట్టులోనే చొక్కా మార్చుకుని, స్నానం చేశాక మీ దగ్గరికి రమ్మనండి. ఫిబ్రవరి, మార్చిలో యార్డుకు సరుకు జోరుగా దిగే రోజులూ, మీ నరకపు రోజులూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, గమనించారా? దోమల కాయిల్ ఉంటే ఈ రోజే బయట పారేయండి. ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. దోమతెర కట్టుకోండి. భోగి మంట దగ్గరికి వెళ్లొద్దు, కిటికీ లోంచి చూడండి.

మూడో పని కాగితాలది. ఇలాంటి ఇంజెక్షన్‌కు ఆస్పత్రిలో చేరనక్కర్లేదు గనక, అది ఓపీ ఖర్చు అని కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీలు ముందే తోసిపుచ్చుతాయి. కానీ మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్లు (మీకు చెప్పిన బయాలజిక్‌లు ఈ రకానివే) ఆధునిక చికిత్సల జాబితాలో ఉన్నాయి. అలాంటి చికిత్సలను పాలసీలు మినహాయించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో చెప్పింది. పరిమితి పెట్టుకునే వీలు మాత్రం కంపెనీకి ఉంది. కాబట్టి మొదటి డోసు కంటే ముందే డాక్టరు సంతకంతో ఉత్తరం ఒకటి తీసుకుని, ఈ జాబితా పేరెత్తి, జవాబు కాగితం మీద అడగండి. ఫోన్‌లో ‘అయిపోతుంది మేడమ్’ అన్న మాటను నమ్మి డబ్బు కట్టొద్దు. రోగులకు తయారీ కంపెనీ వైపు నుంచి ఏదైనా సాయం పథకం ఉందా అని కూడా ఆస్పత్రిలో అడగండి.

ఇప్పుడు అసలు ఇంజెక్షన్లు. బయాలజిక్ అంటే ఒక్క మందు కాదు, అరడజను దాకా ఉన్నాయి. మీ డాక్టరు గారు ఏది రాశారో మీరు చెప్పలేదు. అది తెలియకుండా మంచీ చెడూ చెప్పడం కష్టం.

మొదట వచ్చింది ఒమాలిజుమాబ్, అమెరికాలో 2003లో అనుమతి పొందింది. ఎలర్జీ ఐజీఈని పట్టి ఆపుతుంది. బరువు, ఐజీఈ అంకె చూసి డోసు కడతారు, రెండు లేదా నాలుగు వారాలకోసారి. మెపోలిజుమాబ్ 2015లో, బెన్రలిజుమాబ్ 2017లో వచ్చాయి. ఈసినోఫిల్స్ పెరగడానికి ఐఎల్-5 అనే ఒక సందేశం కావాలి, ఆ సందేశాన్నే ఇవి దారిలో అడ్డుకుంటాయి. మెపోలిజుమాబ్ నాలుగు వారాలకోసారి. బెన్రలిజుమాబ్ మొదటి మూడు డోసులు నాలుగు వారాలకోసారి, ఆ తర్వాత ఎనిమిది వారాలకోసారి. డుపిలుమాబ్ ఐఎల్-4, ఐఎల్-13 సందేశాలను ఆపుతుంది. ఉబ్బసానికి 2018లో, ముక్కులో కండకు 2019లో అనుమతి వచ్చింది. రెండు వారాలకోసారి. టెజెపెలుమాబ్ 2021లో వచ్చింది, ఈ సందేశాలన్నీ పుట్టకముందే, ఇంకా పై మెట్టులో అడ్డుకుంటుంది.

మీ రోగ చరిత్ర చూస్తే, ఈసినోఫిల్స్ నిజంగా ఎక్కువని తేలితే, నా మనసు మెపోలిజుమాబ్ వైపో డుపిలుమాబ్ వైపో వెళ్తుంది. ఆ రెంటికీ ముక్కులో కండ మీద కూడా పని చేసే గుణం ఉంది. ఒకే ఖర్చుతో ఛాతీ, ముక్కు రెండూ బాగుపడితే, మూడో ఆపరేషన్ తప్పితే, లెక్క కాస్త మీ వైపు మొగ్గుతుంది. ఏబీపీఏ అని తేలితే, మొదటి వైద్యం ముగిశాక మళ్లీ వేరే లెక్క.

ఎంత పని చేస్తాయి? సరైన మనిషికి సరైన మందు పడితే, ఆయాసం ముదిరే సందర్భాలు దాదాపు సగానికి తగ్గుతాయి. మెపోలిజుమాబ్ మీద 2014లో వచ్చిన పెద్ద పరిశోధనలో తగ్గుదల సుమారు 50 శాతం. సగానికి అంటే అందరికీ సగం అని కాదు. కొందరికి మొత్తం పోతాయి, కొందరికి ఏ మార్పూ ఉండదు. అదే ఏడాది ఇంకో పరిశోధనలో రోజూ స్టెరాయిడ్ మాత్ర వాడేవాళ్లు ఈ ఇంజెక్షన్‌తో ఆ డోసును సగానికి తగ్గించుకోగలిగారు. మీరు రోజూ వాడేవారు కాదు గానీ, స్టెరాయిడ్ తగ్గడమే మీ విషయంలో నాకు ముఖ్యం. ఇంజెక్షన్ వేయించుకున్నా పీల్చే మందు మానకూడదు. మానితే డబ్బు ఖర్చు, ఆయాసం రెండూ మిగులుతాయి.

దుష్ఫలితాల విషయానికొస్తే, ఇది కీమోథెరపీ లాంటిది కాదు. ఎక్కువమందికి సూది గుచ్చిన చోట నొప్పి, తలనొప్పి, అంతే. ఒమాలిజుమాబ్‌తో వెయ్యిమందిలో ఒకరిద్దరికి తీవ్రమైన ఎలర్జీ రియాక్షన్ రావొచ్చు. అందుకే మొదటి డోసులు ఆస్పత్రిలోనే, కాసేపు కూర్చోబెట్టి చూశాకే పంపుతారు. డుపిలుమాబ్‌తో కళ్లు ఎర్రబడి దురద పెట్టొచ్చు, మొదటి నెలల్లో ఈసినోఫిల్స్ తాత్కాలికంగా పెరగొచ్చు. మెపోలిజుమాబ్ పరిశోధనల్లో ఒకరిద్దరికి సర్పి కనిపించింది, 50 దాటినవాళ్లను టీకా గురించి అడుగుతాం. ఏది వేసుకున్నా, స్టెరాయిడ్ తగ్గించే రోజుల్లో కాళ్లల్లో తిమ్మిరి, దద్దుర్లు, కొత్తగా గుండెలో ఇబ్బంది కనిపిస్తే ఆగకుండా చెప్పాలి.

ఇక ‘మొదలుపెడితే మానలేం’ అన్న మీ ఆడపడుచు మాట సగం నిజం. మానినందుకు ఒళ్లు తట్టుకోలేకపోవడం, మందుకు అలవాటు పడిపోవడం ఇలాంటివి లేవు. పని చేస్తున్న మందును మానితే ఆయాసం మళ్లీ తిరిగి రావొచ్చు, అది నిజమే. బీపీ మాత్ర మానితే బీపీ రావడం లాంటిదే ఇదీ. ఒక ఏడాది బాగా ఉంటే డోసుల మధ్య ఎడం పెంచడం, స్టెరాయిడ్ తగ్గించడం లాంటివి డాక్టరుతో మాట్లాడొచ్చు. ముందే పదేళ్లకు డబ్బు ఎక్కడ తెస్తామని కూర్చోవద్దు. నాలుగు నెలలకు డబ్బు ఉందా లేదా అన్నదే ఇప్పటి ప్రశ్న.

చేప మందు సంగతి అత్తగారి మనసు నొప్పించకుండా చెప్పాలి. ప్రతి ఏడాది మృగశిర కార్తె వేళ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం బతికున్న చిన్న కొరమీను నోట్లో మందు పెట్టి ఉచితంగా మింగించడం నాకూ తెలుసు. దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు. అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందని తేల్చిన సరైన పరీక్ష ఏదీ నేను చూడలేదు. నా బాధల్లా వేరే: చేప మందు వేయించుకున్నవాళ్లు ‘ఇక మందులు వద్దు’ అని ఇన్‌హేలర్ పక్కన పెట్టేస్తారు. మాన్‌సూన్ రాగానే మా వార్డులో కనిపిస్తారు. మీరు వెళ్లాలనుకుంటే నేను వద్దనను. పంపు బ్యాగులో ఉండాలి, ఆ జనంలో గుంపుకు కాస్త దూరంగా ఉండాలి, ఒక్క పూట కూడా పీల్చే మందు మానకూడదు. 

నాలుగు నెలల పరీక్ష అన్నాను కదా. ఎలా కొలుస్తామో ముందే రాసిపెట్టుకోవాలి. ఇక్కడ ఒక మోసం ఉంది. మీ నరకం నవంబరు నుంచి మార్చి దాకా. ఏప్రిల్‌లో ఇంజెక్షన్ మొదలుపెడితే వేసవి మొత్తం హాయిగా ఉంటుంది, ఆ గొప్ప ఇంజెక్షన్‌కే కట్టబెడతాం. అందుకే దీపావళికి ముందు మొదలుపెట్టమన్నాను. నిరుడు ఇదే నెలల్లో ఎన్ని వైసోలోన్ కోర్సులు, ఎన్ని నీలం పంపులు, ఎన్ని రాత్రులు లేచి కూర్చున్నారు, వాటితో పోల్చాలి. ఇంకా పీక్ ఫ్లో మీటర్ (ఊపిరి ఎంత వేగంగా ఊదగలరో కొలిచే గొట్టం) ఒకటి కొని రోజూ ఉదయం ఊదండి, అంకె రాసుకోండి. ఆస్త్మా కంట్రోల్ టెస్ట్ అని ఐదు ప్రశ్నల పరీక్ష ఉంది, మొత్తం 25 మార్కులు. 20 కంటే తక్కువ వస్తే ఆయాసం అదుపులో లేనట్టు. మూడు మార్కులు పెరిగితే మార్పు నిజమైనదే అనుకోవచ్చు. నాలుగు నెలల తర్వాత ఏదీ కదలకపోతే, ఇంకో రెండు నెలలు చూద్దామని డాక్టరు కారణం చెప్పి అడిగితే వినండి. కారణం లేకుండా ‘కొనసాగిద్దాం’ అంటే ఎందుకని అడగండి. అడిగితే చిన్నబుచ్చుకునే డాక్టరు కాదనుకుంటాను.

కొన్న ఇంజెక్షన్‌ను ఇంట్లో పెట్టుకోవాల్సి వస్తే ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టే అర పక్కన పెట్టకూడదు. వేసవి కరెంటు కోతల్లో పాడైతే డబ్బంతా నీళ్లపాలు. వీలైతే డోసు వేసే రోజే ఐస్ పెట్టెలో తెప్పించుకోమని ఆస్పత్రికి చెప్పండి. జ్వరం, కళ్లె పచ్చబడటం లాంటివి ఉంటే ఆ రోజు వాయిదా వేయమని అడగండి. ఫ్లూ టీకా మాత్రం ఇప్పుడే, వానాకాలం ముగిసే లోపు వేయించుకోండి.

ఇంకో చిన్న కొలత చెబుతాను, దీనికి ఖర్చు లేదు. ముక్కు కండ మీద ఈ మందులు పని చేస్తే కొందరికి వాసన తిరిగి వస్తుంది, కొందరికి కొన్ని వారాల్లోనే మొదలవుతుంది. ప్రతి ఆదివారం మీ ఆవకాయ జాడీ మూత తీసి, కళ్లు మూసుకుని వాసన చూడండి. వచ్చిందా, రాలేదా, ఒక్క మాట నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయండి. మీ అమ్మాయిని అడగకండి.